అద్దం మీదికి నెట్టిన వెలుగు

ఎవరు ఏ ప్రశ్న వేసినా అప్పలస్వామి మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. "ఇంకోసారి అడుగు" అంటారు. రెండోసారి అడిగేటప్పటికి ప్రశ్న మారిపోతుంది. పుస్తకాల్లోంచి తెచ్చుకున్న మాటలు రాలిపోయి, మనిషి నిజంగా అడగదలుచుకున్నది మాత్రం బయటపడుతుంది. కాశీబుగ్గలో ఆయన ఇంటి వరండాలో సాయంత్రాలు ఉపనిషత్తు పాఠానికి కూర్చునే మా అందరికీ ఆ అలవాటంటే కొంచెం భయమే.

ఆ రోజు హైమావతి అడిగింది. "మాస్టారూ, అంతరంగంలో సత్యాన్ని నిలుపుకున్నవాడు లోకవ్యవహారం కోసం పైకి వేరొకటి పలికితే అది దోషమవుతుందాండీ?"

"ఇంకోసారి అడుగు తల్లీ."

హైమావతి చున్నీ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. అప్పుడు చెప్పింది. ఆమె ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పోయిన వారం అక్కడ బాయిలరు పైపు పేలి నీలవేణి అనే కూలీ మనిషికి రెండు చేతులూ కాలాయి. మీటరు ముల్లు ఎర్ర గీత దాటడం ఆ పొద్దున్నే హైమావతి చూసింది. మేనేజరుతో చెప్పింది కూడా. ఈ పప్పు దిగాక ఆపుదాంలే అన్నాడాయన. తెల్లారితే ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు.

"చూశాను అనకమ్మా, గమనించలేదు అను, గమనించకపోవడం నేరం కాదు కదా అంటున్నారండీ మేనేజరు గారు. ఆయన చెడ్డవాడైతే నాకీ బాధ ఉండేది కాదు. మా నాన్న పోయినప్పుడు ఇంటికొచ్చి ఉద్యోగమిచ్చిన మనిషి. ఒక్క మాటే కదా. ముల్లు ఎక్కడుందో లోపల నాకు తెలుసు. పైకి ఒక్కసారి లేదంటే ఏమైపోతుందండీ?"

మాస్టారు ఉపనిషత్తు మూసి పక్కన పెట్టారు. కూర్చున్నవాళ్ళం సర్దుకున్నాం. ఆయన పుస్తకం మూస్తే శాస్త్రం చెప్పరని మాకు తెలుసు. ఈ వేదాంతంలోకి రాకముందు ఆయన వైమానిక దళంలో స్టెనోగ్రాఫరు. విచారణలు జరిగే గదుల్లో మూల బల్ల దగ్గర కూర్చుని, ఎవరేమన్నా టైపు కొట్టడం ఆయన పని. ఆ సాయంత్రం ఆయన చెప్పినది ఆ రోజుల సంగతే.

ఎడారి అంచున ఒక వైమానిక స్థావరం. అక్కడ గుణశేఖర్ అని మదనపల్లె కుర్రాడు, ఫ్లైట్ లెఫ్టినెంట్. వాళ్ళ వంశంలో విమానాన్ని దగ్గర్నుంచి చూసిన మొదటివాడు అతనే. ఒక సాయంత్రం, పొద్దు వాలుతుండగా ఒంటరిగా ఎగురుతూ ఎడమ పక్కన ఒక వెలుగు చూశాడు. గుండ్రంగా, నారింజ రంగులో ఉంది. విమానంతో సమానంగా వస్తోంది. ఇతను వేగం పెంచితే అదీ పెంచింది, తగ్గిస్తే అదీ తగ్గించింది. కాసేపటికి నిటారుగా పైకి లేచి కనబడకుండా పోయింది. నియమం ప్రకారం చూస్తున్నప్పుడే రేడియోలో చెప్పాడు. కింద రాడారులో మాత్రం ఏమీ లేదు.

సరిహద్దు దగ్గరి చోటు కనుక పైవాళ్ళు ఉలిక్కిపడ్డారు. వెంటనే విచారణ వేశారు. దాన్ని నడపడానికి వింగ్ కమాండర్ రఘుపతి గారు వచ్చారు. ఆయనా మనవాడే, ఏలూరు. కోపం ఎరగని మనిషి, కింది ఉద్యోగి కనబడితే ముందు పిల్లల చదువుల గురించి అడిగే రకం. పైనుంచి ఆయనకొచ్చిన ఆదేశం ఒక్కటే: ఆ వెలుగుకు ఏదో ఒక పేరు పెట్టకుండా తిరిగి రావద్దు.

ఉన్న పేర్లు కొన్నే. నక్షత్రం అనడానికి లేదు, ఆ దిక్కున ఆ వేళ ఏదీ ఉండదు. వాతావరణ బెలూన్ అనడానికి లేదు, ఆ రోజు ఎవరూ వదల్లేదు. ఇంకో విమానమూ లేదు. మిగిలింది ఒకటే. పైలట్ తల మీద గాజు కప్పు ఉంటుంది. లోపలి దీపం ఏదైనా దాని మీద పడి, బయట ఏదో ఉన్నట్టు భ్రమ పుట్టించి ఉండొచ్చు.

"కాదు సర్" అన్నాడు గుణశేఖర్. "నాకూ ఆ అనుమానం వచ్చింది. తల అటూ ఇటూ కదిపి చూశాను. గాజు మీది నీడైతే తలతో పాటు జరగాలి. అది జరగలేదు. బయటే ఉంది."

మాస్టారు ఆ మాట టైపు కొట్టారు. రఘుపతి గారు కాసేపు కిటికీలోంచి చూసి, టీ తెప్పించారు. మాస్టారి వైపు తిరిగి, "నీ వేళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వవయ్యా" అన్నారు. టైపు ఆగింది. అప్పటిదాకా నడిచిన ఇంగ్లీషూ ఆగింది.

"ఏం బాబూ, పెళ్ళయిందా?"

తెలుగు వినబడేసరికి గుణశేఖర్ ముఖం విచ్చుకుంది. "కుదిరిందండీ. మాఘంలో."

"అయితే మీ అత్తగారు ఏమనుకుంటోంది? అల్లుడు విమానం నడుపుతాడనా, పిచ్చి డాక్టరు గది ముందు వరసలో నిలబడతాడనా?"

కుర్రాడు నవ్వాడు. సగంలో ఆపేశాడు.

"నవ్వులాట కాదు. ఏమిటో తెలియదని రాశాననుకో, నిన్ను మెడికల్ బోర్డుకి పంపుతారు. ముందు కళ్ళు చూస్తారు, తర్వాత బుర్ర చూస్తారు. తేలేదాకా నేల మీదే. ఒకసారి నేల మీద కూర్చోబెట్టినవాణ్ణి మళ్ళీ ఎక్కించడం నేను చూడలేదు. అద్దంలో నీడ అనెయ్. నీ కళ్ళకి మచ్చ రాదు, బుర్రకి మచ్చ రాదు. తప్పంతా అద్దానిది. అద్దానికి ప్రమోషనుందా, పెన్షనుందా?"

"కానీ అది అద్దంలో లేదండీ."

"నాకు తెలుసు. నీకూ తెలుసు. మనిద్దరికీ తెలిశాక కాగితానికి తెలియకపోతే మునిగిందేమిటయ్యా? మనవాడివి గనక చెబుతున్నా. ఇంకొకడైతే రాసి పారేసి వెళ్ళేవాణ్ణి."

టీ చల్లారింది. కప్పులు తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంగ్లీషు మొదలైంది. గుణశేఖర్ గోడ వంక చూస్తూ, తాను తల కదిపి చూసిన మాట సరిగా గుర్తులేదన్నాడు. అది గాజు మీది ప్రతిబింబమే కావచ్చు అన్నాడు. "కావచ్చు వద్దు" అన్నారు రఘుపతి గారు మెల్లగా. ప్రతిబింబమే అన్నాడు. విచారణ ముగిసింది. గుమ్మం దగ్గర ఆయన కుర్రాడి భుజం తట్టారు. అందులో కపటం లేదు. ఆ చెయ్యి తన భుజం మీద పడి ఉంటే తానూ కృతజ్ఞతగానే తలదించుకునేవాణ్ణని మాస్టారు అన్నారు.

పెళ్ళయింది. కొన్నాళ్ళకు గుణశేఖర్‌ని కొత్తవాళ్ళకు విమానం నేర్పే పనిలో వేశారు. ఏ మచ్చా లేదు. కాకపోతే ఎక్కేముందు గాజు తుడవడం మొదలుపెట్టాడు. సిబ్బంది తుడిచిన దాన్నే మళ్ళీ తుడిచేవాడు. పక్కకు జరిగి, వంగి, వెలుతురుకి చూసి, ఇంకోసారి తుడిచేవాడు. "పెళ్ళిచూపులకా సార్?" అని మెకానిక్కులు ఏడిపించేవారు. నవ్వేవాడు గానీ గుడ్డ వదిలేవాడు కాదు. ఒకనాడు క్యాంటీనులో మాస్టారి ఎదురుగా కూర్చుని, కప్పులో చెంచా తిప్పుతూ తిప్పుతూ అన్నాడట: "అప్పలస్వామీ, ఈ మధ్య ఎదురుగా ఏది కనబడినా ముందు అద్దాన్ని అనుమానిస్తున్నాను. తర్వాత నన్ను. ఆ రెండూ అయ్యాకే బయటికి చూస్తున్నాను." అని తనే, "ఊరికే అన్నాలే" అన్నాడు.

అది ఊరికే కాదని మాస్టారికి అనిపించింది. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు. కళ్ళు బాగున్నవాడితో నీ కళ్ళు బాగున్నాయని ఎలా చెబుతాం?

మరో సాయంత్రం వచ్చింది. విమానంలో ఇద్దరు. ముందు సీట్లో నేర్చుకుంటున్న సోహన్, వెనక సీట్లో గురువుగా గుణశేఖర్. తిరిగి వస్తున్నారు. ఎదురుగా, పొద్దు పోయిన ఆకాశంలో ఒక వెలుగు. గుణశేఖర్ ముందే చూశాడు. పలకలేదు. గాజు మీద దీపం పడింది అనుకున్నాడు. ఆ వెలుగు పెద్దదైంది. కాస్త తల పక్కకి వంచితే తేలిపోయే సంగతి. వంచలేదు. వంచినప్పుడు అది జరగకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"సర్, ఎదురుగా ఏదో ఉంది" అన్నాడు సోహన్.

"ఏమీ లేదు. ప్రతిబింబం. తిన్నగా పోనీ."

"సర్, తల కదిపాను. అది కదలడం లేదు సర్!"

సోహన్ అనుమతి కోసం ఆగలేదు. విమానాన్ని పక్కకి విదిల్చాడు. రేడియో చెడిపోయి దారి తప్పిన మరో శిక్షణ విమానం, దీపం వేసుకుని, వాళ్ళ రెక్క కిందుగా దూసుకుపోయింది. అందులోనూ ఇద్దరున్నారు. నలుగురూ బతికారు. దిగాక సోహన్ అక్కడే నేల మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. గుణశేఖర్ వాడి వీపు నిమురుతూ నిలబడ్డాడు గానీ, అతని కళ్ళు విమానం గాజు మీదే ఉన్నాయి.

మళ్ళీ విచారణ. అదే గది, మూల బల్ల దగ్గర మాస్టారే. ఈసారి ముగ్గురు అధికారులు. అధ్యక్షుడు వేరే ప్రాంతం గ్రూప్ కెప్టెన్. పాత సంగతి తెలిసినవారని రఘుపతి గారిని కూడా సభ్యుడిగా వేశారు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే.

ఎదుటి విమానం దీపం చూశావా? చూశాను. ఎప్పుడు? సోహన్ కన్నా ముందే.

అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. డాక్టర్ల నివేదిక ఆయన ముందుంది. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని రాశారు. "మరి ఎందుకు తప్పుకోలేదు?"

గుణశేఖర్ అధ్యక్షుణ్ణి చూడలేదు. రఘుపతి గారి వైపు తిరిగాడు. ఆ గదిలో, ఆ బల్ల ముందు, తెలుగులో అన్నాడు.

"మీరే అన్నారు కదండీ, అద్దమని. అప్పట్నుంచీ నాకు అన్నీ అద్దంలోనే ఉన్నట్టుంటున్నాయండీ."

నిందించినట్టు లేదట ఆ గొంతు. చూపు ఆనడం లేదని కంటి డాక్టరుకి చెప్పుకున్నట్టుందట.

"ఏమంటున్నాడు?" అని అధ్యక్షుడు అడిగాడు. ఆ భాష తెలిసినవాళ్ళు గదిలో ముగ్గురే. మాస్టారి వేళ్ళు టైపు మిషను మీద ఆగి ఉన్నాయి. రఘుపతి గారు ఏం చెబితే అదే కాగితం మీదికి వస్తుంది. కుర్రాడు భయపడ్డాడంటే చాలు, భ్రమపడ్డాడంటే చాలు, అడిగేవాళ్ళు లేరు. ఆయన సభ్యుల వరస నుంచి లేచి, కోటు గుండీ పెట్టుకుని, బల్లకి ఇవతల గుణశేఖర్ పక్కన వచ్చి నిలబడ్డారు.

"చూసినదాన్ని చూడలేదనమని నేను చెప్పాను అంటున్నాడు" అన్నారు ఇంగ్లీషులో. "చెప్పాను."

రఘుపతి గారిని ఏం చేశారన్నది మాస్టారు చెప్పలేదు. గుణశేఖర్ సంగతి చెప్పారు. విచారణ బోర్డు అతన్ని మందలించి వదిలేసింది, ఎగరవచ్చు అంది. అతనే వద్దన్నాడు. ఎదురుగా ఉన్నది ఉందని నమ్మడానికి తనకు పట్టే వ్యవధి ఆకాశంలో దొరకదని రాసిచ్చి, స్టోర్సులో పని అడిగి తీసుకున్నాడు. ఏ నేల మీద కూర్చోవలసి వస్తుందని ఆ మాట మార్చుకున్నాడో, తన కాళ్ళతో తనే అక్కడికి నడిచి వెళ్ళాడు.

వరండాలో హైమావతి ముఖం పాలిపోయి ఉంది. తన సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. లేచి, చెప్పులు వేసుకోబోయి, ఆగింది.

"మాస్టారూ, ఇంతకీ మొదటిసారి ఆ అబ్బాయికి కనబడిన వెలుగు ఏమిటండీ?"

మాస్టారు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"దానికి ఏం పేరు పెడదామనే అందరూ అడిగారు తల్లీ. ఏమిటని ఎవరూ అడగలేదు."