ఈదవ్వ కూర్చున్న తీరు

అనగనగా, ఈ కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, బీరయ్య అనే గొర్ల కాపరి ఉండేవాడు. ఆయనకు పులిగాడని ఓ కుక్క. మంద మీద చిరుత పడిన నాటినుంచి పులిగాడికి మనిషి పొడ గిట్టలేదు. ఎవరొచ్చినా మీదపడి కరిచేవాడు.

"అమావాస్యలోగా దారికి తెచ్చుకో. లేకుంటే మేమే చంపేస్తాం" అన్నారు ఊరి పెద్దలు.

కుక్కను మంచి చేసేవాళ్ళను వెతుకుతూ బయల్దేరాడు బీరయ్య. గుమ్మం దగ్గరే ఈదవ్వ ఎదురైంది. ఊరి చివర గుడిసెలో ఉంటూ, చీపుర్లు కట్టి ఊరూరా అమ్ముకునే ముసలిది. ఏ ఊళ్ళోనూ ఏ కుక్కా ఆమెను చూసి మొరగదు.

"నన్నొకసారి చూడనియ్యి, కొడుకా."

"చీపుర్లమ్ముకునేదానివి, నీకేం తెలుసే అవ్వా!" అని సాగిపోయాడు.

తూర్పున వేటగాడు "కట్టెయ్" అన్నాడు. కట్టేశాడు. మెడ పుండయింది.

"నన్నొకసారి చూడనియ్యి, కొడుకా."

"నీకేం తెలుసే అవ్వా!"

పడమట మంత్రగాడు "పస్తు పెట్టు" అన్నాడు. పెట్టాడు. డొక్కలు తేలాయి.

"నన్నొకసారి చూడనియ్యి, కొడుకా."

"నీకేం తెలుసే అవ్వా!"

దక్షిణాన దొరగారి కుక్కల కాపలాదారు "కొట్టు" అన్నాడు. బీరయ్య కర్ర ఎత్తాడు. పులిగాడు అన్నం పెట్టిన ఆ చేతినే కరిచాడు.

అమావాస్యకు ఇంకా మూడు రోజులే. బీరయ్య తలొంచుకుని ఈదవ్వ గుడిసెకు వెళ్ళాడు. ఆమె చీపురుపుల్లల కట్ట చంకన పెట్టుకుని వెంట వచ్చింది.

"ముందు ఆ కర్ర కింద పెట్టు" అంది. గొలుసు విప్పించింది. కుక్కకు వీపు తిప్పి కూర్చుని చీపుర్లు కట్టుకుంది. మొదటిరోజు పులిగాడు గుర్రుమన్నాడు. రెండోరోజు వాసన చూశాడు. మూడోరోజు వచ్చి, ఆమె వీపుకు ఆనుకుని పడుకున్నాడు.

"పిచ్చి కాదు కొడుకా, భయం" అంది ఈదవ్వ. లేచి వెళ్ళిపోయింది.

పులిగాడు మళ్ళీ ఎవరినీ కరవలేదు. ఆ విద్య ఆమెకెలా వచ్చిందో అడగాలనుకున్నాడు బీరయ్య. వానలు వెలిశాక అనుకున్నాడు. ఉన్ని కత్తిరించాక అనుకున్నాడు. జాతర అయ్యాక అనుకున్నాడు.

జాతర అయ్యాక వెళ్తే గుడిసె ఖాళీ.

"ఈదవ్వా? పోయి తొమ్మిది రోజులాయె" అంది పక్కింటామె. "చీపుర్లమ్మే ముసలిది... ఎవరికని కబురు పెడతాం?"

బీరయ్య అక్కడే కూలబడ్డాడు. మూడు దిక్కులూ తిరిగిన కాళ్ళకు ఆ నాలుగడుగులే బరువయ్యాయని ఏడ్చాడు. ఆమె దగ్గర తాను చూసిన ఆ ఒక్క తీరునూ బతికినన్నాళ్ళూ అందరికీ చెప్పాడు.

ఇప్పటికీ ఆ కొండల్లో, బెదిరిన కుక్క ఎదురైతే కర్ర కింద పెడతారు. వీపు తిప్పి కూర్చుంటారు. "ఈదవ్వొచ్చిందిరా" అంటారు, మెల్లగా. ఆమెకు ఇంకా ఏమేం తెలుసో మాత్రం ఎవరూ చెప్పలేరు.