రెండు రాళ్లూ లాగని చోటు

అనగనగా తామ్రగిరిని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు కువలయ అనే రాకుమారిని దాచాడని తెలిసి, విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక చిన్నవాడు మణికేతుడు బయల్దేరాడు.

ఊరి కమ్మరి ఎదురొచ్చాడు. "కత్తి వద్దు బాబూ. అక్కడన్నీ సూదంటురాళ్లట, చేతిలోంచి లాగేసుకుంటాయి. ఆకురాయి పట్టినప్పుడు రాలిన ఇనుప రజను ఇది. రాయి ఎక్కడ దాగినా బయటపెడుతుంది" అని ఓ సంచీ ఇచ్చాడు.

ఒక సముద్రం దాటాడు, మూడు దాటాడు, ఏడూ దాటాడు. కోట తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అదే అతనికి నచ్చలేదు.

లోపల చెక్కపలకల నేల. ఇద్దరన్నలూ రాతిబొమ్మలై నిలబడ్డారు. ఇద్దరి చేతులూ పంజరంలోని చిలుక మెడవైపే చాచి ఉన్నాయి.

"ప్రాణం చిలుకలో ఉంటుందని అందరూ నా మెడే పట్టుకోబోతారు" అంది చిలుక. "ఆ మాట పుట్టించింది కరాళుడే. వాడి ప్రాణం ఇనుప తుమ్మెదలో ఉంది. అది ఈ పలకల కిందే ఎక్కడో ఉంది. తప్పు పలక ఎత్తావో, నువ్వూ రాయే."

ఇంతలో స్తంభం చాటునుంచి ఒక అమ్మాయి వచ్చింది. వెన్నెలను పోతపోసినట్టుంది. "నేనే కువలయను. ఆ చిలుకను నమ్మకండి రాకుమారా. అది కరాళుడి పెంపుడు పక్షి."

మణికేతుడి గుండె జల్లుమంది. అయినా సంచీ విప్పాడు. నేలంతా రజను చల్లి, వేళ్లతో పలకల మీద టకటకా తట్టాడు.

రజను కదిలింది. కింద రెండు సూదంటురాతి కడ్డీలు ఎదురెదురుగా ఉన్నాయని తేలింది. కొనల దగ్గర ముళ్లపంది ముళ్లలా నిక్కబొడుచుకుంది. అక్కణ్ణుంచి గీతలు గీతలుగా వంపు తిరిగి, అదే కడ్డీ రెండో కొసకు చేరింది. కానీ రెండు కడ్డీల ముక్కులూ ఎదురుపడ్డచోట గీతలు కలవలేదు. పోట్లాడుకున్న తోడికోడళ్లలా చెరో పక్కకీ తిరిగిపోయాయి. నడుమ అరచేయంత ఖాళీ.

"ముళ్లు లేచినచోటే బలముంది. ఆ పలకే ఎత్తండి. త్వరగా" అంది అమ్మాయి.

"అక్కడుంటే ఇనుప తుమ్మెద రాయికి అతుక్కుపోదూ?" అన్నాడు మణికేతుడు. "రెక్క ఆడకపోతే ప్రాణం నిలుస్తుందా?"

"త్వరగా అన్నానా" అంది మళ్లీ. ఈసారి గొంతు మగగొంతులా ఉంది.

అతను ఏ రాయీ లాగని ఆ ఖాళీచోటి పలక ఎత్తాడు. తుమ్మెద ఝుమ్మంటోంది. పట్టుకుని కడ్డీ కొసకు ఆనించాడు. టప్పున అతుక్కుంది. రెక్క ఆగింది. అమ్మాయి వేషం ఊడి, కరాళుడు నేలకూలాడు.

అన్నలు కళ్లు నులుముకున్నారు. పంజరం విరిగింది. చిలుక కువలయ అయింది.

"నా మాట కూడా నమ్మలేదు కదూ నువ్వు?" అందామె.

"రజను కదిలేదాకా నమ్మలేదు" అన్నాడు తలదించుకుని.

"పోనీలే. వచ్చినవాళ్లలో నా మెడ మీదికి చెయ్యి రానిది నీ ఒక్కడిదే. నాకది చాలు."

తామ్రగిరిలో ఐదు రోజుల పెళ్లి చేశారు. వాళ్లిద్దరూ జుట్టు నెరిసేదాకా, మనవలకు మనవలు పుట్టేదాకా రాజ్యమేలారు.