ముళ్లపంది విప్పని నోరు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎర్రవాగు అడవిలో గడ్డి మాడిపోయింది, వాగులో నీళ్లు అడుగంటాయి. ఒడ్డున రాళ్ల సందులో ఉండే ముసలి ముళ్లపందికి మాత్రం క్షణం తీరిక లేదు. వేళ్లు తవ్వి మందు చెయ్యడం ఆమె పని. అడవంతా ఆమెను అవ్వా అని పిలిచేది.

కరువులో కడుపు మోస్తే ప్రాణమే పోతుందనుకున్న ఆడజంతువులు కొన్ని అవ్వ దగ్గరికొచ్చి, గర్భం పోయే మందు తాగి వెళ్లాయి. ఎవరెవరు తాగారో అవ్వకు తెలుసు, తాగినవాళ్లకు తెలుసు. మూడోవాళ్లకు తెలియదు.

మందల్లో పిల్లలు తగ్గేసరికి పెద్దపులికి వేట కరువైంది. మంత్రి నక్క దాని చెవిలో ఊదింది.

"కరువు వంక మాత్రమే దొరా! అంతా ఆ ముళ్లపంది మందు వల్లే. ఎవరెవరు తాగారో కక్కిద్దాం. వాళ్లను వాగు దగ్గరికి రానివ్వొద్దు. ఇక ఎవరు తాగుతారో చూద్దాం."

పులి సరేనంది. నక్క అడవంతా తిరిగి చాటింది.

అంతే, అవ్వ బొరియ వైపు వచ్చేవాళ్లే లేకుండా పోయారు. కాలు విరిగిన కుందేలు కూడా రాలేదు. మందు తాగిన పొగడ అనే దుప్పికి జ్వరం పట్టుకుంది. అయినా కదలకుండా పొదలోనే పడి ఉంది. అవ్వే వెతుక్కుంటూ వెళ్లింది.

"ఒళ్లు కాలిపోతోంటే ఇక్కడ పడున్నావేమే పిచ్చిదానా?"

"నీ దగ్గరికొస్తే చూస్తారవ్వా. నాకో పిల్ల ఉంది. నీళ్లకు పోనివ్వకపోతే అదీ దక్కదు. నా పేరు చెప్పేస్తావా?"

"నా ముళ్లన్నీ పీకినా చెప్పను. ముందీ ఆకు నములు."

మర్నాడు పులి అందరినీ పిలిపించింది. అవతలి ఒడ్డు అడవిని ఏలే మరో పులి తన గద్దను వేగుగా పంపింది. అది కొమ్మ మీద కూర్చుని చెవులు రిక్కించింది.

"ఊఁ, చెప్పు," అంది నక్క.

"చెప్పను. ఒళ్లు బాగాలేక వచ్చినవాళ్ల సంగతి వాళ్లది. నాది కాదు, పంచిపెట్టడానికి."

పులి గుర్రుమంది. "చంపేస్తే?"

"చంపండి దొరా. నాతోపాటు అదీ మట్టిలో కలుస్తుంది."

గుంపులోంచి ఒక అడవిగేదె అరిచింది. "మా ఆడవాళ్ల గుట్టే కావాలా మీకు? మగవాళ్లెవరూ ఆ బొరియకు పోలేదా?"

అందరూ గొణగడం మొదలుపెట్టారు. నక్క ఛాతీ విరిచింది. "ఈ రాజ్యంలో పక్షపాతం లేదు! ఎవరైనా సరే, ఏ జబ్బుతో వెళ్లినా సరే, అందరి సంగతీ ఇక్కడే బయటపడాలి!"

"అందరిదీనా దొరా?" అని అవ్వ పులినే అడిగింది.

పులి చప్పున నోరు మూసుకుంది. ఎండలు ముదరకముందే దాని కోర పుచ్చి ఊడిపోయింది. మందు వేసింది అవ్వే. ఆ మాట గద్ద చెవిన పడితే అవతలి పులి వాగు దాటి వచ్చేస్తుంది.

పులి అవ్వను పక్కకు పిలిచి గుసగుసగా అడిగింది. "చెప్తావా?"

"ఇన్నాళ్లూ చెప్పానా? ఇప్పుడూ చెప్పను. మీ గుట్టు కాచిన నోరే వాళ్ల గుట్టూ కాచింది దొరా, నాకున్నది ఒక్క నోరే. కానీ రేపు నేను పోతాను. నా తర్వాత వచ్చే వైద్యుడు మీ ఆజ్ఞకు భయపడేవాడైతే?"

పులి గుంపు వైపు తిరిగి గర్జించింది. "ఆజ్ఞ రద్దు! వైద్యం సంగతి రోగికీ అవ్వకీ మధ్యే ఉండాలి. వాగు నీళ్లు అందరివీ!"

"అదేంటి దొరా, మరి మన వేట..." అంటూ నక్క అడ్డొచ్చింది. పులి పంజాతో ఒక్కటిచ్చింది.

దవడ వాచిపోయి నక్క మాట్లాడలేక, తినలేక అల్లాడింది. చివరికి తోక ముడుచుకుని, అటూ ఇటూ చూసుకుంటూ బొరియ ముందుకొచ్చి నిలబడింది.

"అవ్వా... నేనొచ్చానని ఎవరికీ..."

"చెప్పను," అంది అవ్వ. "నోరు తెరువు."

నీతి: రోగి గుట్టు రోగి సొత్తు, దాన్ని లాక్కునే హక్కు రాజుకు కూడా లేదు.