ఉడుత వెతికిన మెత్తని మాటలు

అనగనగా, ఇప్పపూల వాసనకి చెట్లు కూడా కునికిపాట్లు పడే అడవి ఒకటి ఉండేదర్రా. అక్కడ పైడమ్మ అనే కొమ్ముముక్కు పిట్ట చెట్టుతొర్రలో గుడ్డు పెట్టింది. ఆ పిట్టల ఆచారం చిత్రంగా ఉంటుంది. తల్లి లోపల కూర్చుని వాకిలి మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు ఉంచుతుంది. పిల్ల పెరిగేదాకా తండ్రే పళ్ళు తెచ్చి అందిస్తాడు.

పిల్ల పుట్టిన మర్నాడే తండ్రి రెక్కలో ముల్లు దిగింది. పాపం, ఏటి అవతల కూలబడిపోయాడు. "సింగారీ, నాలుగు రోజులు నా ఇంటికి పళ్ళు అందించమ్మా" అని ఉడుతని బతిమాలాడు.

"ఓస్, అదెంత పని అన్నయ్యా!" అంది సింగారి.

మేడిపండు నోట కరుచుకుని బయల్దేరింది. చుట్టూ తెల్లటి మంచు. పూలు మెల్లగా రాలుతున్నాయి. పండు ఘుమఘుమలాడుతోంది. కొంచెం కొరికింది. ఇంకొంచెం కొరికింది. అంతే, పండు అయిపోయింది! పూలమీద పడి హాయిగా నిద్రపోయింది.

సాయంత్రం వెళ్ళి, "మరిచిపోయాను వదినా" అంది.

"మరుపు ఎవరికి లేదులే. రేపు తెద్దువుగాని" అంది పైడమ్మ.

రెండోరోజూ తినేసింది. "పొరపాటున ఏట్లో జారిపడింది వదినా" అంది.

"దెబ్బ తగల్లేదు కదా తల్లీ?" అంది ఆ పిచ్చితల్లి.

మూడోరోజూ అదే వరస. "అంతా గ్రహపాటు వదినా! చెట్టున పళ్ళే లేవు."

"అయితే నీ తప్పేముంది? రేపటిదాకా ఓర్చుకుంటాం."

లోపల పిల్ల సన్నగా మూలిగింది. ఆ తర్వాత మూలుగు కూడా ఆగిపోయింది. సింగారి సందులోంచి లోపలికి తొంగిచూసింది. తన మాటలు నమ్మే వదిన ఆ మట్టిగోడ వెనక కదలకుండా కూర్చుంది!

"వదినా! మరుపూ కాదు, పొరపాటూ కాదు, గ్రహపాటూ కాదు. తప్పు చేశాను. తెలిసి తెలిసి మూడు పళ్ళూ నేనే తిన్నాను. నేను పోయి తెచ్చేసరికి ఆలస్యమవుతుంది. నీకు రెక్కలున్నాయి, గోడ పగలగొట్టుకుని రా!"

పైడమ్మ లోపల్నించి ముక్కుతో పొడిచింది. బయటినించి సింగారి గీకింది. గోళ్ళు చిట్లి నెత్తురొచ్చినా ఆపలేదు. గోడ కూలింది. తల్లి రివ్వున ఎగిరి పండు తెచ్చి, నమిలి బిడ్డ నోట్లో పెట్టింది. చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

"నన్ను క్షమించావా వదినా?" అంది సింగారి ఏడుస్తూ.

"ఇంకా లేదు. దానికి కొన్నాళ్ళు పడుతుంది. నువ్వు నిజం చెప్పబట్టి నా బిడ్డ దక్కింది, అది మాత్రం మరిచిపోను" అంది పైడమ్మ.

నీతి: తప్పుని తప్పు అని ఒప్పుకున్నప్పుడే దాన్ని దిద్దుకునే దారి దొరుకుతుంది.