అప్పారావు నాడి

వైదేహి టీచర్‌కి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో కాదు, చేత్తో జవాబు చెబుతారు. కీలు ఎలా తిరుగుతుందని అడిగితే, అడిగినవాళ్ళ మోచేతినే పట్టుకుని తిప్పి చూపిస్తారు. ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందంటే, చేతికి ఒక బుడగ ఇచ్చి ఊదమంటారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న చిన్న శిక్షణాలయంలో, రోగులకు సాయం చేసే పని నేర్చుకోవడానికి వచ్చిన తెలుగు ఆడవాళ్ళకు శరీరం గురించిన మొదటి పాఠాలు చెప్పేది ఆవిడే.

శశిరేఖ అడిగిన ప్రశ్నకు మాత్రం చాలా రోజులు జవాబు రాలేదు.

"తెలుసుకుంటే భయం పోవాలి కదా మేడమ్. నాకేటి, తెలుసుకున్నకొద్దీ పెరుగుతోంది?"

"చూద్దాం" అన్నారు వైదేహి టీచర్.

శశిరేఖది శ్రీకాకుళం దగ్గర పల్లె. భర్తకి వర్క్‌షాపులో ఉద్యోగమని ఇంత దూరం వచ్చింది. ఇక్కడ అమ్మ లేదు, అత్త లేదు. పిల్ల తుమ్మితే "ఏం కాదులే" అనే పెద్ద దిక్కు ఒక్కటీ లేదు. ఆ దిక్కేదో తనే అవుదామని ఈ చదువులో చేరింది. తీరా చేరాక, కూతురు పూజిత మింగే ప్రతి ముద్దకీ ఆహారనాళం పక్కనే ఉన్న శ్వాసనాళం గుర్తుకు రావడం మొదలైంది. పిల్ల మంచం మీద గెంతితే మెడలోని ఎముకలు కళ్ళ ముందు కదిలేవి. మునుపు ఆ పిల్లకి ఒక ఒళ్ళే ఉండేది. ఇప్పుడు పాడవడానికి వీలున్నవి బోలెడు ఉన్నాయి.

ఒక సోమవారం పొద్దున్న శశిరేఖ పుస్తకాలు లేకుండా, పిల్లని చంకనేసుకుని వచ్చింది. జుట్టు కూడా సరిగా దువ్వుకోలేదు.

"నేను మానేస్తాను మేడమ్. ఈ చదువు నా వల్ల కాదు. ముందు దీన్ని చూడండి. జ్వరం లేదు, దగ్గు లేదు, కానీ నాడి పరిగెడతంది. పొద్దున్నించి ఎన్నిసార్లు చూసినా అంతే. దీని గుండెకేదో అయింది."

వైదేహి టీచర్ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గోడ గడియారం వంక చాలాసేపు చూశారు. నాలుక చూశారు, గోళ్ళు చూశారు, చివరికి పొట్ట మీద చక్కిలిగిలి పెట్టారు. పూజిత కిలకిలా నవ్వి ఒళ్ళోంచి జారి అవతలికి పరిగెత్తింది.

"నువ్వెలా చూశావో చూపించు" అన్నారు టీచర్.

శశిరేఖ తన మణికట్టు మీదే బొటనవేలు పెట్టి నొక్కి చూపించింది. వెనక వరసలోంచి, రోజూ ఆమె పక్కన కూర్చునే గౌరీశ్వరి "అయ్యో!" అంది. టీచర్ ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుంది.

"పిల్లకి తర్వాత. ముందు అప్పారావుకి చూడు."

అప్పారావంటే మూలన నిలబెట్టిన ప్లాస్టర్ మనిషి. ఎదురు రొమ్ము తలుపులా తెరుచుకుంటుంది, లోపలి అవయవాలు చేతికి ఊడొస్తాయి. ఆ పేరు పెట్టింది విద్యార్థినులే.

"బొమ్మకేటి మేడమ్, నాడి?"

"చూడమన్నాను కదా."

శశిరేఖ ఆ చల్లటి తెల్లటి మణికట్టు పట్టుకుంది. పొద్దున పిల్లకి చూసినట్టే బొటనవేలితో గట్టిగా నొక్కి, కళ్ళు మూసుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న దెబ్బ. వెంటనే ఇంకొకటి.

"మేడమ్, కొట్టుకుంటోంది!"

"ఎలా?"

"పరిగెడతంది మేడమ్!"

"ఎలాగమ్మా?" అని కింద నుంచి పూజిత గొంతు వినిపించింది. "వీడి గుండె నా దగ్గరుంది కదా!"

శశిరేఖ కళ్ళు తెరిచింది. పూజిత అప్పారావు కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని, ఎర్రటి గుండెని ఒళ్ళో పెట్టుకుని జోకొడుతోంది.

అంతవరకూ కొంగులు నోట్లో కుక్కుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా పగలబడి నవ్వారు.

"ఓలమ్మో! అప్పారావుకి ప్రాణం పోసేసినావే శశీ!" అంది గౌరీశ్వరి, కళ్ళు తుడుచుకుంటూ. "బొటనవేలితో చూడకూడదని, దాంట్లో మన నాడే మనకి తగులుతుందని మేడమ్ చెప్పలేదేటి? ఆ రోజు ఎక్కడున్నావే?"

ఆ రోజు పిల్ల తుమ్మిందని శశిరేఖ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి చెప్పబోయి, నవ్వాగక అప్పారావు భుజం పట్టుకుని నిలబడింది.

టీచర్ ఆమె చెయ్యి అందుకుని, బొటనవేలిని తప్పించి, తక్కిన మూడు వేళ్ళనూ పూజిత మణికట్టు మీద పెట్టారు. "నొక్కకు. ఊరికే ఆనించు."

శశిరేఖ వేళ్ళ కింద చిన్నగా, నింపాదిగా, వాకిట్లో ఎవరో పిల్ల తాడాట ఆడుతున్నట్టు, ఒకదాని వెనక ఒకటి అడుగులు.

"ఇదా మేడమ్, దీనిది?"

"అదే."

చాలాసేపు ఆమె ఆ చెయ్యి వదల్లేదు. ఆఖరికి పూజితే విసుగొచ్చి లాక్కుంది. అప్పుడు శశిరేఖ వెళ్ళి తన చోట కూర్చుని, పక్కనున్న గౌరీశ్వరి పుస్తకాన్ని కాస్త తనవైపు జరుపుకుంది.

"పాడు వేలు! పొద్దున్నించి నా ప్రాణం తోడేసింది" అంటూ బొటనవేలిని పిడికిట్లో దాచేసింది.

వైదేహి టీచర్ దగ్గరికి వచ్చి, ఆ పిడికిలి విప్పారు.

"దాన్ని తిట్టకు. అది అబద్ధమేమీ చెప్పలేదు."