నూనె పట్టిన తీగ

దాలినాయుడు మేస్త్రికి ఒక అలవాటు ఉంది. ఖాళీగా కూర్చున్నప్పుడు ఎవరేం అడిగినా జవాబు చెప్పరు. ఎదురుగా విప్పిన బండి ఉంటే గాని ఆయన నోట మాట ఊరదు. శృంగవరపుకోట దాటి అరకు ఘాటు రోడ్డు మొదలయ్యే చోట ఆయన షెడ్డు. పొద్దున్నపూట కొండల మీంచి మంచు దిగొచ్చి, తనూ ఏదో రిపేరుకి వచ్చినట్టు బండ్ల మధ్య కాసేపు కూర్చుని పోతుంది. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఆయన గురువుగారే. ఎప్పుడో నేర్చుకుని సొంతంగా షెడ్లు పెట్టుకున్నవాళ్ళు కూడా, దారిలో ఆయన కనిపిస్తే బండి ఆపి దిగుతారు.

ఆ రోజు ప్రశ్న అడిగినవాడు లోకనాథం. ఆయన దగ్గర చాలాకాలంగా ఉన్న శిష్యుడు, పనిమంతుడు. కిందటేడే పెళ్ళయింది. ఇద్దరూ టీ తాగుతుండగా, గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"గురువుగారూ, మనం ప్రాణం పెట్టుకున్న మనిషే మనకి నిజం చెప్పకపోతే, ఆ మనిషితో ఎలా బతకడం?"

సంగతి షెడ్డులో అందరికీ తెలిసిందే. అతని భార్య నీలవేణికి జ్వరం వచ్చింది. ఎలా ఉన్నావని అతను ఎన్నిసార్లు అడిగినా "బాగానే ఉన్నాను" అనే చెప్పింది. చివరికి పక్కింటావిడ చెబితే తెలిసింది అతనికి, నీలవేణి గోడ పట్టుకుని నడుస్తోందని. మొగుడికి అబద్ధం చెప్పే మనిషి రేపు ఇంకేం దాస్తుందో అని పెద్ద గొడవ చేశాడు. ఆమె ఎదురు చెప్పలేదు. బట్టలు సర్దుకుని బొబ్బిలిలో అమ్మగారింటికి వెళ్ళిపోయింది. ఇక ఆమెను మీ దగ్గరే ఉంచుకోండని తేల్చి చెప్పడానికి, వచ్చే ఆదివారం పెద్దల్ని తీసుకుని బొబ్బిలి వెళ్ళాలని లోకనాథం నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకున్నాడన్న మాటే గాని, ఆమె వెళ్ళిన నాలుగు రోజులుగా అతని ముఖం చూస్తే, వాన వెలిసినా ఆరని గోడలా ఉండేది.

గురువుగారు టీ తాగి గ్లాసు కింద పెట్టారు.

అంతలో దగ్గుతూ, ఆగుతూ, ఒక ఎర్ర కారు షెడ్డులోకి వచ్చింది. పాతది, రెండే తలుపులది, ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన జాతి. దాని యజమాని చక్రధర్ అరకులో కాఫీ గింజలు వేయించి అమ్ముతాడు. చదువుకునే రోజుల్లో గోడ మీద ఆ కారు బొమ్మ అంటించుకుని, నలభయ్యో ఏట కారు కొనుక్కున్నవాడు. దిగుతూనే బానెట్టు మీద చెయ్యి వేశాడు, జబ్బుపడ్డ బిడ్డ నుదురు చూసినట్టు.

"ఘాటు ఎక్కలేకపోతోంది మేస్త్రీ. తొక్కితే గుక్క పట్టినట్టు ఆగిపోతోంది. ఇక బాగవదంటే అమ్మేస్తాను, దీని బాధ నేను చూడలేను," అన్నాడు.

గురువుగారు లోకనాథం వైపు చూశారు. అతను ప్లగ్గులు చూశాడు, బాగున్నాయి. పెట్రోలు పంపు చూశాడు, అదీ బాగుంది. ఇక మిగిలింది గాలి సెన్సరు. ఇంజనులోకి ఎంత గాలి వెళ్తోందో కనిపెట్టి కబురు చెప్పడం దాని పని. ఆ కబురుని బట్టే బండి మెదడు పెట్రోలు కొలిచి పోస్తుంది. సెన్సరు లోపల తలవెంట్రుకంత తీగ ఒకటి వేడిగా ఉంటుంది. గాలి తగిలి అది ఎంత చల్లబడితే అంత గాలి వచ్చినట్టు. అంత పెద్ద ఇంజను ఊపిరి అంత చిన్న తీగ చెప్పే మాట మీద ఆధారపడుతుందంటే ఎవరికైనా ఆశ్చర్యమే.

లోకనాథం ఆ సెన్సరు వైరు ఊడదీసి బండి స్టార్టు చేశాడు. దగ్గు పోయింది. ఇంజను హాయిగా తిరిగింది.

"చూశారా గురువుగారూ! ఇది నోరు మూసుకుంటేనే బండి బాగుంది. వచ్చే గాలిని రాలేదని చెబుతోంది దొంగముండ. పీకి పారేద్దాం, పీడా పోతాది." ఒక సెన్సరు మీద చూపించవలసిన దానికన్నా ఎక్కువ కోపమే ఉంది ఆ మాటల్లో.

"మరిప్పుడు ఎవరి మాట మీద తిరుగుతోంది?" అన్నారు గురువుగారు.

"ఇంత తొక్కితే ఇంత గాలి వస్తాదని బండి మెదడులో ముందే ఒక లెక్క పెట్టుంటారు కదండీ. ఆ అందాజు మీద."

"అలాగేటి! అయితే పద, నీ అందాజుని కొండెక్కిద్దాం."

చక్రధర్ నడుపుతుంటే, పక్కన గురువుగారు, వెనక ఇరుక్కుని లోకనాథం. కింద మలుపుల్లో బండి చక్కగానే ఎక్కింది. లోకనాథం ఒకటి రెండుసార్లు గురువుగారి ముఖం వంక గర్వంగా చూశాడు కూడా. కాఫీ తోటలు మొదలయ్యాయి. లోయలో మబ్బులు గొర్రెల మందలా మేస్తున్నాయి. డముకు మలుపు దగ్గరికి వచ్చేసరికి బండి బరువెక్కింది. వెనక నల్లటి పొగ. లోపలికంతా పచ్చి పెట్రోలు వాసన. చక్రధర్ కంగారుగా బండి పక్కకి తీసి ఆపాడు.

"కొండ మీద గాలి పలచన కదండీ," అన్నాడు లోకనాథం మెల్లగా. "కింద పోసినంత పెట్రోలే ఇక్కడా పోసేస్తోంది."

"అందాజుకి కొండ తెలీదురా," అన్నారు గురువుగారు. "ఇప్పుడా దొంగముండని బయటికి తియ్యి. ముఖమేనా చూడకుండా పారేస్తే ఎలాగ?"

మరలు విప్పి సెన్సరు బయటికి తీశాడు లోకనాథం. ఎండకేసి పట్టి చూశాడు. వెండిలా మెరవాల్సిన తీగ మీద తేనె రంగు జిడ్డు పేరుకుని ఉంది. గుడ్డతో తుడవబోతే గురువుగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"తీగ తెగిపోద్ది. తుడవడం తరవాత. ముందు ఆ జిడ్డు ఎక్కణ్ణించి వచ్చిందో చూడు."

ఆ షెడ్డులో అదొక ఆచారం. ఏ పార్టునైనా పాడయిందని అనే ముందు, దాని దగ్గరికి ఏం వస్తోందో చూడాలి. లోకనాథం గాలి ఫిల్టరు డబ్బా తెరిచాడు. అందరి బండ్లలో ఉండే కాగితం ఫిల్టరు కాదది. పందెం కార్ల మోజున్నవాళ్ళు వేయించుకునే నూలు గుడ్డ ఫిల్టరు. దాన్ని కడిగి, పలచగా నూనె పట్టి, మళ్ళీ వాడుకోవాలి. అతను ముట్టుకోగానే అయిదు వేళ్ళూ ఎర్రగా అయ్యాయి. ఎర్ర రంగు నూనె కారుతోంది.

"బాబూ, దీనికి నూనె ఎవరు పడతారు?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు చక్రధర్, కొంచెం సంబరంగానే. "ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. కొద్దిగా పట్టమనే డబ్బా మీద రాసుంటుంది గాని, నాకు మనసొప్పదు. పొడిగా కనిపిస్తే జాలేస్తుంది. ఈ మధ్య నీరసంగా ఉంటోంది కదా అని ప్రతి ఆదివారం ఇంకాస్త పడుతున్నాను."

లోకనాథానికి నవ్వొచ్చింది. "మీరు పట్టిన నూనేనండి ఇది. గాలితోపాటు కొట్టుకొచ్చి తీగ మీద పేరింది. నీరసం అని మీరు పడితే, పట్టినకొద్దీ నీరసం. దీని తప్పేం లేదు బాబూ. గాలి తగలకుండా ఇంత పూత పూస్తే అదేం చేస్తాది? తగిలినంతే చెబుతోంది పాపం..."

ఆ 'పాపం' దగ్గర అతని నవ్వు ఆగిపోయింది. సెన్సరు అతని చేతిలోనే ఉంది. గురువుగారు సంచిలోంచి స్ప్రే డబ్బా తీసి ఇచ్చారు. తీగకి ఏమీ తగలకుండా, దూరంనుంచి, నాలుగు చినుకులు కొట్టినట్టు కొట్టాడు లోకనాథం. జిడ్డు కరిగి కారిపోయింది. రాతి మీద గుడ్డ పరిచి దాన్ని ఆరబెట్టారు. చక్రధర్ ఫిల్టరు పట్టుకుని, అదనపు నూనె పిండుతూ దూరంగా పోయి నిలబడ్డాడు. తను చేసిన పనికి తనే నొచ్చుకుంటున్నట్టున్నాడు.

గురువుగారు లోకనాథం వైపు తిరిగి అడిగారు. "నీలవేణి మొదట్నించీ ఇంతేనేటి, ఏమీ చెప్పేది కాదా?"

"ఎందుకు చెప్పదండీ! కొత్తలో అన్నీ చెప్పేది. ఒకరోజు తలనొప్పిగా ఉందంది. ఈవిడ చేత నీళ్ళు మోయిస్తున్నారని మా అమ్మతో ఆ రోజు నేను పెట్టిన గొడవకి వీధంతా పోగయింది. ఇంకోరోజు కూర కాస్త కారంగా ఉందంది. ఆ పళ్ళెం పట్టుకెళ్ళి వీధిలో విసిరికొట్టాను, నా పెళ్ళానికి ఇలాంటి కూర పెడతారా అని. వాళ్ళక్క మీద బెంగగా ఉందంటే, పని మానేసి ఆ క్షణానే బస్సెక్కించాను. ఎంత చూసుకున్నానండీ గురువుగారూ, ఎవడు చూసుకుంటాడు అలాగ..."

లోయలోంచి చల్లటి గాలి ఒకటి లేచి, రాతి మీద ఆరుతున్న తీగ మీంచి, వాళ్ళిద్దరి మధ్యగా వెళ్ళింది. లోకనాథం తన ఎర్రటి వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

తీగ ఆరాక బిగించి, వైరు కలిపారు. చక్రధర్ భయం భయంగా తొక్కాడు. కారు ఒక్కసారి గుండె నిండా గాలి పీల్చుకున్నట్టయింది. పొగ లేదు, వాసన లేదు. అనంతగిరి దాకా మలుపు మలుపుకీ పాడుకుంటూ ఎక్కింది. చక్రధర్ కళ్ళు తుడుచుకుంటూ నడిపాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

అనంతగిరిలో ఆగినప్పుడు లోకనాథం పక్కకి పోయి ఫోను చేశాడు. "బాబాయ్, ఆదివారం మీరెవరూ రావొద్దు. లేదు, గొడవేం లేదు. తీసుకురావడానికి నేనొక్కణ్ణే వెళ్తాను," అని చెప్పి పెట్టేశాడు. తర్వాత గురువుగారి దగ్గరికి వచ్చి, ఏదో అప్పగించడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"వెళ్ళి ఏం అడగమంటారండీ? ఇకనించైనా అన్నీ నిజమే చెప్తానని మాట ఇమ్మననా?"

గురువుగారు అతని ముఖంలోకి చూశారు.

"ఏమీ అడక్కు. తనంతట తను ఏదైనా చెప్పిందనుకో, పళ్ళెం పట్టుకుని వీధిలోకి పరిగెత్తకు."