తువ్వాలు కప్పిన తెర

జోగినాయుడు మాస్టారు బండి నడుస్తుండగా ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పరు. వింటారు, తల ఊపుతారు. బండి ఆగి, హ్యాండ్ బ్రేకు పడి, ఇంజను చప్పుడు ఆగిన తర్వాతే నోరు విప్పుతారు. చింతపల్లి కొండల మీద ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. వాళ్ల బండ్లు నడపడానికి ఘాట్ రోడ్డు నేర్చుకోవాలని ఆయన దగ్గర చేరిన ఐదుగురిలో నేనొకణ్ణి. మాలో చురుకైనవాడు ఎల్లాజీ. సందేహం వస్తే కడుపులో దాచుకోవడం అతనికి చేతకాదు.

ఆ ఉదయం నాబ్ ఉన్న బండి మీద ఎల్లాజీ వంతు వచ్చింది. విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు పదేళ్లు వాడుకుని ఆసుపత్రికి ఇచ్చేసిన విదేశీ బండి అది. దారి చూపే తెర ఎదురుగా, అద్దానికి కాస్త కింద ఉంటుంది గాని, వేలితో ఎంత తాకినా పలకదు. రెండు సీట్ల మధ్య, గేరు కర్రకు వెనక, ఉసిరికాయ కన్నా కొంచెం పెద్దదిగా గుండ్రటి నాబ్ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే తెర మీద వెలుగు ఒక్కో వరుసే కిందికి దిగుతుంది. నొక్కితే ఆ వరుస తెరుచుకుంటుంది. పక్కకు నెడితే వేరే పట్టిక వస్తుంది. ఊరి పేరు రాయాలంటే ఒక్కో అక్షరం దాకా తిప్పుకుంటూ పోవాలి. ఎల్లాజీ అలవాటుకొద్దీ తెరను నాలుగుసార్లు పొడిచాడు. గుర్తొచ్చి నాబ్ పట్టుకున్నాడు. నర్సీపట్నం పెట్టబోయి మరేదో ఊరు పెట్టాడు. వెనక్కి వచ్చి మళ్లీ తప్పాడు. చివరికి చెయ్యి తీసేశాడు.

“మాస్టారూ, నా ఫోనులో ఇది రెండు సెకన్ల పని. పసిపిల్లలు కూడా వేలు పెట్టి తోసేస్తున్నారు. లోకమంతా వదిలేసిన ఈ నాబ్‌ను మనం ఎందుకు నేర్చుకోవాలండి?”

మాస్టారు బండిని మలుపు దాటించి, వెడల్పైన చోట ఆపమని చేత్తో సైగ చేశారు. దిగి పిట్టగోడ మీద కూర్చుని, మమ్మల్నీ కూర్చోమన్నారు. అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది.

ఆ బండి ఆసుపత్రికి వచ్చిన కొత్తలో దాన్ని నడపడానికి పాంగి దమయంతి అనే ఆమెను తీసుకున్నారు. ఇరవై ఆరేళ్ల మనిషి. అంతకు ముందు నాలుగేళ్లు సంతలకు జీపు తోలింది. ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఏ గేరులో దిగాలో ఆమెకు ఇంకొకరు చెప్పనవసరం లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే ఎవరైనా తప్పు చూపిస్తే ముఖం కందిపోయేది. బండి ఆమె చేతిలో ఒదిగింది గాని నాబ్ ఒదగలేదు. ఐదో రోజున, నాబ్ తిప్పుతూ తెర వైపు రెండు క్షణాలు చూసింది. ఆ రెండు క్షణాల్లో ముందు చక్రం రోడ్డు పక్క కాలువలోకి దిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బంపరు వంగింది. ఆసుపత్రి మేనేజరు ఆమెను మాన్పించేద్దామన్నాడు. మాస్టారు నెల రోజులు గడువు అడిగారు.

మర్నాడు దమయంతి వచ్చేసరికి బండి ఆసుపత్రి ఆవరణలోనే నిలిపి ఉంది. తెర మీద మాస్టారి తువ్వాలు కప్పి ఉంది.

“ఏటి మాస్టారూ ఇది? తెర కనపడకపోతే దారి ఎలాగ పెట్టమంటారు?”

“చేత్తో పెట్టు.”

“నాకు కళ్లు బాగానే ఉన్నాయి కదండి!”

“ఉన్నాయి. వాటికి వేరే పని ఉంది.”

దమయంతి దాన్ని శిక్ష అనుకుంది. కాలువలో దింపినందుకు నలుగురిలో తనను గుడ్డిదాన్ని చేసి ఆడిస్తున్నారనుకుంది. తాళం చెవి సీటు మీద పడేసి వెళ్లిపోయింది. రెండు రోజులు రాలేదు. మాస్టారు కబురు పంపలేదు. మూడో రోజు సంతలో పాత జీపు డ్రైవర్లు ఆమెను చూసి, “పెద్ద బండి ఎక్కావు, అప్పుడే దిగిపోయావా?” అని నవ్వారట. ఆ మధ్యాహ్నమే ఆమె తిరిగి వచ్చింది. మాస్టారి మీద గౌరవంతో రాలేదు, ఆ నవ్వు భరించలేక వచ్చింది. వచ్చి, మాట్లాడకుండా సీట్లో కూర్చుని, తువ్వాలు కప్పిన తెర వైపు చూడకుండా నాబ్ మీద చెయ్యి వేసింది.

మాస్టారు పక్క సీట్లో కూర్చుని చోటు పేరు చెప్పేవారు. ఆమె తిప్పి నొక్కేది. ఆయన తువ్వాలు కొస ఎత్తి చూసి అవునో కాదో చెప్పేవారు. మొదటి రోజు ఇరవైసార్లకు మూడుసార్లే కుదిరింది. రెండో రోజు ఐదు. నాలుగో రోజు ఆమె ఒక సంగతి కనిపెట్టింది. నాబ్ తిరిగేటప్పుడు ఒక్కో వరుసకు ఒక్కో చిన్న టిక్కు వేలి కొసకు తగులుతుంది. చెవికి వినపడేంత చప్పుడు కాదు, వేలికి మాత్రమే తెలుస్తుంది. ఎడమకు నెడితే పట్టిక ఎప్పుడూ మొదటి వరుస దగ్గరే తెరుచుకుంటుంది. కాబట్టి టిక్కులు లెక్క పెట్టుకుంటే చూడనక్కర్లేదు. ఈ సంగతి మాస్టారికి అప్పటిదాకా తెలియదు. ఆయనా ఆ బండికి కొత్తే. తెలియదని ఆమెతోనే ఒప్పుకున్నారు.

“అయితే మీరూ ఒకసారి పెట్టండి మాస్టారూ, చూద్దాం,” అంది దమయంతి.

మాస్టారు ప్రయత్నించారు. ఆరో టిక్కు దగ్గర లెక్క తప్పారు. రెండోసారి ఏడో టిక్కు దగ్గర. దమయంతి నవ్వింది. ఆయన దగ్గర చేరాక ఆమె నవ్వడం అదే మొదలు. అక్కణ్నుంచి రోజూ గంటసేపు ఇద్దరూ అదే పని. మూడో వారానికి మాస్టారు కావాలని మాటల్లో పెట్టేవారు. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పి గురించో, సంతలో పసుపు ధర గురించో అడిగేవారు. ఆమె జవాబు చెబుతూనే చోటు పెట్టేసేది. చోట్లే కాదు, ముందు దారి మూసుకుపోతే వేరే దారి అడిగే వరుసలు కూడా. తర్వాత ఆవరణలోనే బండిని తిప్పుతూ పెట్టించారు. ఆ తర్వాత కొండ దారిలో. ఇరవైకి ఇరవై. గడువు నిండిన రోజున మేనేజరు, “పూచీ మీదేనా మాస్టారూ?” అని అడిగాడు. “నాదే” అన్నారాయన. నలభై ఏళ్లలో తాను ఎవరికీ ఆ మాట ఇంత తేలిగ్గా ఇవ్వలేదని మాతో చెప్పినప్పుడు మాస్టారి మెడ కాస్త నిటారుగా లేచింది.

ఆగస్టులో వాన పట్టింది. ఎనిమిది రోజులు వదల్లేదు. తొమ్మిదో రోజు ఉదయం కాఫీ తోటలో కలుపు తీస్తున్న సీదరి లచ్చమ్మ అనే ఆమెను పాము కరిచింది. ఆసుపత్రిలో విరుగుడు మందు ఎక్కించారు. అయినా రెప్పలు వాలిపోసాగాయి, ఊపిరి సన్నబడసాగింది. ఊపిరి ఆడించే మిషను కింద నర్సీపట్నంలో ఉంది. లచ్చమ్మను ఆ బండిలోనే వెనక పడుకోబెట్టారు. సలోమి అనే నర్సు ఆమె తల దగ్గర కూర్చుని, ముఖానికి తొడుగు పెట్టి, రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి పంపుతోంది. నొక్కడం ఆపితే ఊపిరి ఆగుతుంది. ఇంకొకర్ని తోడు పంపుదామంటే ఆసుపత్రిలో మనుషులు చాలలేదు. బండి నడిపే దమయంతితో కలిపి బండిలో ముగ్గురే. ఆమె బయలుదేరే ముందే తెర మీద నర్సీపట్నం పెట్టుకుంది. మాస్టారు ఆవరణలో నిలబడి బండి మలుపు తిరిగేదాకా చూశారు. ఆ తర్వాత జరిగింది ఆయనకు సలోమి చెప్పింది.

ఘాట్ మీద మంచు దట్టంగా ఉంది. రోడ్డు పది గజాలకు మించి కనపడటం లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెనక ఒక లారీ అంటుకుని దిగుతోంది. సగం దూరం దిగాక ఎదురుగా ఒక జీపు వచ్చింది. దాని డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, “కింద కొండ జారిపోయింది! దారి లేదు!” అని అరిచి పైకి వెళ్లిపోయాడు.

దమయంతికి తెలిసిన దారి అదొక్కటే. పాత కాఫీ ఎస్టేటు దారి ఒకటుందని విన్నది గాని ఎప్పుడూ వెళ్లలేదు. ఎడమకు ఎక్కడ తిరగాలో, తిరిగాక అందులో చీలే దారుల్లో ఏది కిందికి పోతుందో తెలియదు. సలోమి ఫోనులో సిగ్నల్ పోయి చాలాసేపయింది. ఉన్నా తీసి చూడటానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. బండిలోని పటానికి సిగ్నల్ అక్కర్లేదు, దారులన్నీ దానిలోనే దాచి ఉంటాయి. కాని దాన్ని అడగాలి. పక్కకు ఆపి అడుగుదామంటే పక్కన చోటు లేదు. ఉన్నట్టుండి నిలబడితే వెనక లారీకి కనపడేలోపే గుద్దేస్తుంది.

“అమ్మాయీ, ఏం చేద్దాం?” అంది సలోమి.

“మీరు నొక్కండి సిస్టర్. ఆపకండి,” అంది దమయంతి.

ఆమె కుడిచెయ్యి స్టీరింగు మీద ఉంది. ఎడమచెయ్యి గేరు కర్ర మీద నుంచి వెనక్కి జరిగి నాబ్ మీద వాలింది. నాబ్‌ను ఎడమకు నెట్టింది. నాలుగు టిక్కులు తిప్పి నొక్కింది. రెండు తిప్పి మళ్లీ నొక్కింది. ముందున్న దారి మూసుకుపోయిందని ఆ మిషనుకు చెప్పడం అంతే. అంతలో మలుపు వచ్చింది. ఆ చెయ్యే తిరిగి గేరు మార్చింది. మలుపు సగంలో ఉండగా బండిలోంచి ఆడగొంతు, మూడు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగమని ఇంగ్లీషులో చెప్పింది.

మంచులో ఆ సందు ఎవరికీ కనపడేది కాదు. చెప్పిన చోటికి వేగం తగ్గించి, ఎడమ లైటు వేసి, లారీకి తెలిసేలా రెండుసార్లు బ్రేకు నొక్కి, దమయంతి బండిని అందులోకి దింపింది. మట్టి దారి. ఆరు చోట్ల చీలింది. ఆరు చోట్లా ఆ గొంతు చెప్పినట్టే వెళ్లింది. ఒక వాగు దగ్గర మాత్రం అది నేరుగా పొమ్మంటే ఆమె పోలేదు. నీటి వేగం కనిపెట్టి బండి ఆపింది. దిగి మోకాలి లోతు నడిచి చూసి, రాళ్లు గట్టిగా ఉన్న పక్క నుంచి దాటించింది. ఆ నీళ్ల సంగతి పటానికి తెలియదు మరి. గంటా పది నిమిషాలకు నర్సీపట్నం చేరారు. ఆసుపత్రి వాళ్లు లచ్చమ్మను మిషను మీద పెట్టారు. మూడో రోజున తీసేశారు. నోరు తెరిచి ఆమె మొదట అడిగింది రాగి గంజి.

తీసుకెళ్లిన రోజు సాయంత్రమే సలోమి తిరిగొచ్చి మాస్టారికి ఇదంతా చెప్పి, చివర ఒక మాట అంది. “నాకు భయం వేసి, ముందు అద్దంలో ఆ అమ్మాయి కళ్లే చూస్తూ కూర్చున్నాను మాస్టారూ. అన్ని మలుపుల్లోనూ ఒక్కసారైనా ఆ కళ్లు రోడ్డు వదల్లేదు.”

మాస్టారు కుళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నారు. బురద కొట్టుకుని వచ్చిన బండి చుట్టూ నెమ్మదిగా నడిచారు. ఎక్కడా గీత పడలేదు. దమయంతి డోరు పక్కన నిలబడి ఉంది. మోకాళ్ల దాకా బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

“ఎన్ని టిక్కులు?” అని అడిగారు మాస్టారు.

“ఎడమకు నెట్టి నాలుగండి. నొక్కి రెండు. మళ్లీ నొక్కడమే.”

“తర్వాత?”

“తర్వాత ఏటుందండి,” అంది దమయంతి. “రోడ్డే.”

మాస్టారు అక్కడ ఆపారు. మా ఎదురుగా లోయలోంచి మబ్బు తునకలు లేస్తున్నాయి. కింద మలుపులో ఎక్కడో బస్సు హారన్ వినపడింది. ఎల్లాజీ ఒడిలో ఉన్న ఫోనును కాసేపు అటూ ఇటూ తిప్పి, జేబులో పెట్టుకున్నాడు.

“అయితే మాస్టారూ, వేలితో తాకే తెర మంచిది కాదంటారా?”

“నేనలా అన్నానా?” అన్నారు మాస్టారు. “కిందటి ఏడాది దమయంతికి అలాంటి తెర ఉన్న కొత్త బండే ఇచ్చారు. బయలుదేరే ముందే దారి పెట్టుకుంటుంది. మధ్యలో మార్చాల్సి వస్తే బండి ఆపి మారుస్తుంది. ఆపడానికి చోటు ఎక్కడెక్కడుందో ఈ ఘాట్ పొడుగునా ఆమెకు కంఠతా వచ్చు.”

ఎల్లాజీ ఇంకా తృప్తి పడలేదు. “ఆ రోజు ఆవిణ్ణి ఏమని మెచ్చుకున్నారండి?”

మాస్టారు పిట్టగోడ మీంచి లేచి, పంచె వెనక అంటిన నాచు దులుపుకున్నారు. ఎల్లాజీని మళ్లీ స్టీరింగు ముందు కూర్చోమని సైగ చేసి, తాను పక్క సీటు తలుపు తెరిచారు.

“మెచ్చుకోలేదు. ఒకరు నడిపే బండిలో పక్కన కూర్చుని నలభై ఏళ్లుగా నేను రెప్ప వేసి ఎరగను. దమయంతి బండి ఎక్కితే నర్సీపట్నం దాకా నిద్రపోతాను.”